పంపిస్తామన్న మాట నోట రానీయకుండా: ఫాస్టర్ కేర్‌లో వచ్చిన పిల్లల నడవడిక దిద్దుకోవడం ఎలా

మా ఇంటికి పాప వచ్చిన నాలుగో రోజు పొద్దున పక్కబట్టలు దులుపుతుంటే దిండు గలేబులోంచి సగం జొన్నరొట్టె రాలిపడింది. రెండు రోజులదై ఉంటుంది, అట్టలా గట్టిపడి అంచులు విరిగిపోయాయి. నోట్‌బుక్ కాగితం చింపి, నాలుగు మడతలు పెట్టి, అందులో చుట్టి దాచుకుంది. ఎనిమిదేళ్ల పిల్ల. మా ఇంట్లో రొట్టెకు కొదవ లేదు, అడిగితే కాదనేవాళ్లూ లేరు. నాకు నిజంగా కోపం వచ్చింది. "అడిగితే పెట్టనా? దొంగలెక్క దాచుకునుడెందుకు?" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. ఆగినందుకు ఇప్పటికీ సంతోషంగా ఉంది. ఆకలి తెలిసిన పిల్లకు ఈ పూట కడుపు నిండితే చాలదు. రేపటి బువ్వ కూడా కళ్ల ముందు ఉంటేనే నిద్ర పడుతుంది.

మహబూబ్‌నగర్ జిల్లాలో ఉంటూ నేను నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. ఫాస్టర్ కేర్ అంటే, కన్నవాళ్ల దగ్గర ఉండలేని బిడ్డను కొంతకాలం మన ఇంట్లో పెట్టుకుని సాకడం. ఇలాంటి పిల్లలు ఎక్కడ ఉండాలో తేల్చే బాలల సంక్షేమ సమితి ఆర్డర్‌తో అలా బిడ్డను తెచ్చుకున్నవాళ్ల కోసం ఇది. ముంబైకో పుణెకో హైదరాబాద్‌కో వలస పోయిన కొడుకూ కోడలూ వదిలివెళ్లిన మనవళ్లను సాకుతున్న అవ్వలకూ, తాతలకూ చాలావరకు పనికొస్తుంది. పాలమూరులో అలాంటి ఇళ్లు ప్రతి ఊళ్లో ఉన్నాయి. కాగితం మీద అది ఫాస్టర్ కేర్ కాకపోవచ్చు, పిల్లల గుండెల్లో దిగులు మాత్రం ఒకటే.

బిడ్డ రాకముందే అడిగి రాసుకోండి

జిల్లా బాలల సంరక్షణ యూనిట్ వాళ్లు ఆర్డర్ కాపీతో పాటు బిడ్డ గురించి కొన్ని వివరాలు ఇస్తారు. వాటితో సరిపెట్టుకోకండి. ఇంతకుముందు ఆ బిడ్డను చూసుకున్న వాళ్లతో మాట్లాడి చిన్న చిన్న సంగతులు అడగండి. ఇంట్లో ఏమని పిలిచేవాళ్లు? లైట్ ఆపితే పడుకుంటుందా, భయపడుతుందా? ఏం తింటుంది, ఏది ముట్టదు? ఎవరి పేరెత్తితే ముఖం మారుతుంది? మందులేమైనా వాడుతున్నారా? అన్నాదమ్ములు, అక్కాచెల్లెళ్లు ఎక్కడున్నారు? తోబుట్టువులను వీలైనంతవరకు ఒకే ఇంట్లో ఉంచాలని బాలల న్యాయ చట్టం 2015లోనే ఉంది. అలా కుదరనప్పుడు వాళ్లతో ఫోన్‌లో మాట్లాడించే ఏర్పాటు ఏంటో మొదటి రోజే కనుక్కోండి.

దేవరకొండ, అచ్చంపేట వైపు తండాల నుంచి వచ్చిన పిల్లలైతే ఇంట్లో లంబాడీ మాట్లాడి ఉంటారు. వాళ్ల భాషలో నాలుగు మాటలు నేర్చుకోండి. కోపంలో, జ్వరంలో నోట వచ్చేది ఆ భాషే. పాప రాత్రి నిద్రలో "యాడీ" అంటే తల్లిని పిలుస్తోందని మీకు తెలిసి ఉండాలి.

మిమ్మల్ని ఏమని పిలవాలో బిడ్డనే తేల్చుకోనివ్వండి. "ఇప్పటి నుంచి నన్ను అమ్మా అని పిలువు" అని ఒత్తిడి చేయకండి. కన్నతల్లి బతికి ఉన్న పిల్లకు అది తల్లిని మార్చుకోమని చెప్పినట్టే వినిపిస్తుంది. ఫాస్టర్ కేర్ దత్తత కాదు కూడా. మా పాప మొదటి నెలంతా నన్ను ఏమీ పిలవలేదు, వచ్చి కొంగు లాగేది. తర్వాత ఎక్కడి నుంచి పట్టుకుందో, "పెద్దమ్మా" అని మొదలుపెట్టింది. ఇప్పటికీ అదే.

మొదటి వారాల బుద్ధిమంతురాలిని చూసి మోసపోకండి

వచ్చిన కొత్తలో కొందరు పిల్లలు ఎంత చక్కగా ఉంటారంటే ఇరుగుపొరుగు మెచ్చుకుంటారు. చెప్పిన మాట వింటారు, కంచం వాళ్లే కడుగుతారు, ఏదీ అడగరు. అది చుట్టమై వచ్చినవాళ్ల మర్యాద. ఇల్లు తమదని కాస్త నమ్మకం కుదిరాక అసలు కథ మొదలవుతుంది. ఎదురు మాట్లాడతారు, వస్తువులు విసురుతారు, అబద్ధాలాడతారు, మీ సొంత పిల్లలను గిల్లుతారు. "ఇన్ని రోజులు బాగానే ఉండె, ఇప్పుడేమైంది?" అని అందరూ అంటారు. చాలాసార్లు ఇది పరీక్ష. ఇంతకుముందు పెద్దవాళ్లు ఒకరి తర్వాత ఒకరు చెయ్యి వదిలేశారు కదా, నేను ఇట్ల చేస్తే మీరూ వదిలేస్తారా అని బిడ్డ తన పద్ధతిలో అడుగుతోంది. ఇది తెలిసి ఉంటే మీకు సగం టెన్షన్ తగ్గుతుంది.

కాబట్టి అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇక్కడే చెబుతాను. "ఇట్లనే చేస్తే నిన్ను మళ్లీ హాస్టల్‌కు పంపిస్త" అని ఎన్నడూ అనకండి. కోపంలో వద్దు, నవ్వులాటకు కూడా వద్దు. సొంత బిడ్డను "అడవిల వదిలేసొస్త" అంటే నవ్వి ఊరుకుంటుంది, ఎందుకంటే అది జరగదని దానికి తెలుసు. ఈ బిడ్డకు అది ఒకసారి జరిగింది. ఆ మాట విన్న రాత్రి బట్టలు సంచిలో సర్దుకున్న పిల్లలున్నారు. మీరు జాగ్రత్తగా ఉన్నా సరిపోదు. ఇంటికొచ్చే అత్తమ్మకు, మరిదికి, గల్లీలో అరుగు మీద కూర్చునే అవ్వలకు కూడా ముందే చెప్పి పెట్టండి. "మీ ఊరికి ఎప్పుడు పోతవే?" అని అడగడం మనవాళ్లకు పలకరింపే, ఈ బిడ్డకు మాత్రం గుండె జల్లుమంటుంది.

రోజుకొక తీరు కాకుండా, ఒకే తీరుగా

ఏ పూట ఏం జరుగుతుందో తెలిస్తే పిల్లల్లో సగం మొండితనం దానంతటదే తగ్గుతుంది. లేవడం, బడి, ఆట, తిండి, పడక రోజూ దాదాపు ఒకే వేళకు జరగాలి. చదవడం రాని పిల్లలకు బొమ్మలు గీసి గోడకు అంటించండి. మార్పు ఉంటే ముందే చెప్పండి. "రేపు జడ్చర్లకు పెండ్లికి పోతున్నం, సాయంత్రం ఇంటికే తిరిగొస్తం" అన్నప్పుడు ఆ రెండో సగం మరిచిపోకండి. సంచి సర్దుతుంటే చూసిన పిల్లకు కావాల్సింది ఆ మాటే. టీవీ ఆపేముందు, ఆటలోంచి పిలిచేముందు "ఇంకో పది నిమిషాలు" అని చెప్పి, పది నిమిషాలకు తప్పకుండా ఆపండి.

ఇంటి నియమాలు మూడు చాలు. మాకున్నవి ఇవి: ఎవరినీ కొట్టకూడదు, ఇల్లు దాటేముందు చెప్పాలి, ఇతరుల వస్తువు అడిగి తీసుకోవాలి. ఇవి పెద్దవాళ్లకూ వర్తిస్తాయి. మా ఇంటాయన ఒకసారి పాప పెన్సిల్ చెప్పకుండా తీసుకుంటే ఆమె గోడ మీద కాగితం చూపించింది. ఆయన సారీ చెప్పి తిరిగిచ్చాడు. ఆ రోజు నుంచి ఆ కాగితానికి ఇంట్లో విలువ వచ్చింది.

రొట్టె దాచుకునే పిల్లకు

మళ్లీ ఆ రొట్టె దగ్గరికి వస్తాను. తిండి దాచుకోవడం, మూతి నిండా కుక్కుకోవడం, వంటింట్లో చప్పుడు కాకుండా డబ్బాలు వెతకడం చాలామంది పిల్లల్లో కనిపిస్తుంది. తాళం వేస్తే భయం ఇంకా పెరుగుతుంది. నేను మూత గట్టిగా పట్టే చిన్న స్టీలు డబ్బా ఒకటి కొని పాపకు ఇచ్చాను. "ఇది నీది. ఇందులో ఉన్నది నిన్నడగకుండ ఎవ్వరూ ముట్టరు. రోజూ పొద్దుగూకినంక ఇద్దరం కలిసి నింపుదం" అన్నాను. వేయించిన పల్లీలు, బెల్లం ముక్క, అటుకులు, మురుకులు, ఏది ఉంటే అది. చెడిపోయేవి మాత్రం పెట్టలేదు. మొదట్లో రోజుకు నాలుగైదుసార్లు మూత తీసి చూసుకునేది. తినేది కాదు, చూసుకునేది. పల్లీలు లెక్కపెట్టి మళ్లీ మూత పెట్టేది. డబ్బాను దిండు పక్కన పెట్టుకుని ఒక చెయ్యి దాని మీద వేసి పడుకునేది. రెండు నెలలకు పైగా అలాగే సాగింది. ఒక సాయంత్రం నింపడం నేనే మరిచిపోయాను, ఆమె అడగలేదు. అడగలేదన్న సంగతి నాకు మర్నాడు తట్టింది. సీతాఫలాల కాలంలో బాలానగర్ నుంచి తెచ్చిన పండ్లు బుట్టలో మగ్గుతుంటే, మొదటి పండు తీసి మా అబ్బాయి చేతిలో పెట్టింది.

అందరికీ రెండు నెలలే పడుతుందని అనుకోకండి. కొందరికి ఏడాది పడుతుంది.

కోపం తారస్థాయికి చేరినప్పుడు

బిడ్డ అరుస్తూ, విసురుతూ ఉన్నప్పుడు నీతులు చెవికెక్కవు. ఆ సమయంలో మీరు చేయాల్సిన పనులు తక్కువ. ముందు గొంతు తగ్గించండి. మిగతా పిల్లలను పక్కకు పంపండి. తగిలే వస్తువులు తీసేయండి. బిడ్డకు చెయ్యి అందేంత దూరంలో కాకుండా, కనిపించేంత దగ్గరలో నేల మీద కూర్చోండి. నిలబడి మీదికి వంగితే కొడతారనుకుంటుంది. "నేనిక్కడనే ఉన్న" అన్న ఒక్క మాట చాలు. గదిలో పెట్టి గొళ్లెం వేయొద్దు. ఒంటరిగా వదిలేస్తే కోపం చల్లారినట్టు కనిపిస్తుంది గానీ, లోపల మిగిలేది భయమే.

చల్లారాక నీళ్లివ్వండి. వీలైతే ఏదైనా తినిపించండి. మాట్లాడడం ఆ తర్వాతే, అదీ పొట్టిగా. మా ఇంట్లో ఒకసారి పప్పు గిన్నె గోడకు తగిలింది. గంట తర్వాత నేను అన్నది ఇంతే: "ఇందాక నీకు మస్తు కోపమొచ్చింది. గిన్నె విసిరితే ఎవరికన్న తాకుతది. రా, గోడ ఇద్దరం కలిసి కడుగుదం." కడిగింది. చేసిన తప్పుకు చేతనైనంత సరిచేయడమే శిక్ష. అన్నం మాన్పించడం, ఫోన్‌లో అమ్మతో మాట్లాడనివ్వకపోవడం శిక్షగా ఎప్పుడూ వాడకండి. అవి బిడ్డ హక్కులు.

"దెబ్బకు దయ్యమైనా వదులుతుంది" అని మనకు చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. దెబ్బలు తిని వచ్చిన బిడ్డకు మీ దెబ్బ కొత్త పాఠం ఏమీ నేర్పదు, అందరు పెద్దవాళ్లూ ఒకటేనని రుజువు చేస్తుంది. చట్టం సంగతి కూడా తెలుసుకోండి. తమ సంరక్షణలో ఉన్న బిడ్డను హింసిస్తే బాలల న్యాయ చట్టం సెక్షన్ 75 కింద మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. బడిలో కొట్టడాన్ని విద్యాహక్కు చట్టం 2009 సెక్షన్ 17 నిషేధించింది.

మెచ్చుకోవడానికీ ఒక పద్ధతుంది

"నువ్వు చాలా మంచిపిల్లవి" అంటే మా పాప పది నిమిషాల్లో ఏదో ఒకటి పాడుచేసేది. మొదట నాకు అంతుపట్టలేదు. తాను చెడ్డదాన్ని కాబట్టే అమ్మానాన్న దగ్గర లేరని నమ్మిన పిల్లకు ఆ మెప్పు అబద్ధంలా తోస్తుంది. అందుకే బిడ్డను కాకుండా పనిని మెచ్చుకోండి. "నేను చెప్పకముందే చెప్పులు లోపల పెట్టినవ్, వానకు తడవలేదు." "తమ్ముడు గుంజుకున్నా కొట్టలేదు, నా దగ్గరికొచ్చి చెప్పినవ్." కళ్లతో చూసిన పని కాబట్టి కాదనలేరు. రోజుకు అలాంటివి నాలుగైదు వెతికి చెప్పండి. తప్పులు వెతకడం మనకు అలవాటు, ఒప్పులు వెతకడానికి కొంచెం సాధన కావాలి.

చిన్న చిన్న విషయాల్లో ఎంచుకునే వీలివ్వండి. ఎర్ర గౌనా, పచ్చ గౌనా? ముందు స్నానమా, హోంవర్కా? ఎక్కడ ఉండాలో, ఎవరితో ఉండాలో ఆ బిడ్డ చేతిలో లేకుండా పోయింది. ఈ చిన్నవైనా ఉండాలి.

అబద్ధాలు, చిల్లర దొంగతనాల విషయంలో ఒక్కటే గుర్తుంచుకోండి: మీకు తెలిసిన జవాబుకు ప్రశ్న వేయకండి. "ఇరవై రూపాయలు ఎవరు తీసిన్రు?" అంటే భయంతో అబద్ధం చెప్పక తప్పదు. "డబ్బాల ఇరవై నువ్వే తీసినవని నాకు తెలుసు. దేనికి కావాల్సొచ్చింది?" అని అడగండి. మా ఇంట్లో జవాబు ఏమొచ్చిందంటే, బడిలో తోటిపిల్ల పుట్టినరోజుకు చాక్లెట్లు పంచింది, తనకూ పంచాలనిపించిందట.

పక్క తడిపితే

ఇది పెద్ద విషయం చేయకండి. పరుపు మీద ప్లాస్టిక్ షీటు, దాని మీద దుప్పటి, పక్కన ఒక జత పొడిబట్టలు పెట్టండి. పడుకునేముందు బాత్‌రూమ్‌కు పంపండి. తడిసిన దుప్పటి వాకిట్లో అందరికీ కనిపించేలా ఆరేయకండి. పగలు నీళ్లు తాగడం తగ్గించొద్దు. మూత్రంలో మంట ఉన్నా, చాలాకాలం బాగుండి మళ్లీ కొత్తగా మొదలైనా డాక్టర్‌కు చూపించండి.

బడితో మాట్లాడండి, కథంతా చెప్పకండి

క్లాస్ టీచర్‌కు అవసరమైనంతే చెప్పండి: గట్టిగా అరిస్తే బెదురుతుంది, అమ్మానాన్నల గురించి క్లాసులో అడగొద్దు, ఏదైనా జరిగితే నాకు ఫోన్ చేయండి. మా పాప చదివిన ఒక బడిలో టీచర్ అందరి ముందు "పాపం, దీనికి ఎవరూ లేరు" అంది. జాలితోనే అంది. పాప మూడు రోజులు బడికి వెళ్లనంది. అప్పటి నుంచి కొత్త క్లాసు మొదలైన ప్రతిసారీ నేనే ముందు వెళ్లి మాట్లాడుతున్నాను. "నా కుటుంబం" మీద వ్యాసం రాయమన్నప్పుడు ఎవరి గురించి రాయాలో బిడ్డ ఇష్టానికి వదిలేయమని అడుగుతాను.

ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో, ఫేస్‌బుక్‌లో పెట్టకండి. ఇలాంటి పిల్లలెవరో బయటికి తెలిసేలా చేయడాన్ని బాలల న్యాయ చట్టం సెక్షన్ 74 నిషేధిస్తుంది. ఇక్కడ నేను పాప పేరు, ఊరు రాయకపోవడానికీ కారణం అదే.

కన్నవాళ్లు వచ్చి వెళ్లిన రోజులు, పండుగలు

బాలల సంక్షేమ సమితి వద్దని చెప్పకపోతే కన్నవాళ్లు బిడ్డను చూడటానికి రావచ్చు. వచ్చే ముందురోజు బిడ్డకు చెప్పండి. వస్తామని రాకపోయే రోజులూ ఉంటాయి కాబట్టి "వస్తామన్నరు, చూద్దం" అనండి. వెళ్లాక రెండు మూడు రోజులు ఇల్లు గడబిడగా ఉంటుంది. మా పాప ఆ రోజుల్లో అన్నం ముట్టదు, మా అబ్బాయి మీద చెయ్యి చేసుకుంటుంది. అది చూసి కలవడమే మాన్పించాలనిపిస్తుంది. అలా చేయకండి. ఆ రోజుల్లో చుట్టాలను పిలవడం, పరీక్షకు చదివించడం పెట్టుకోకుండా ఇల్లు ప్రశాంతంగా ఉంచితే చాలు. కలిసిన తర్వాత భయంతో వణకడం లాంటివి ఉంటే మాత్రం సమితికి చెప్పండి.

ఆ తల్లి గురించి, తండ్రి తాగుడు గురించి ఇంట్లో ఒక్క చెడ్డమాట కూడా రానీయకండి. వాళ్లను తిడితే బిడ్డ తనను సగం తిట్టినట్టే తీసుకుంటుంది.

మొదటి బతుకమ్మకు నేను కొత్త గౌను కొని, తంగేడు, గునుగు పూలు తెచ్చి ఎంతో సంబరంగా పిలిచాను. పాప తంగేడు కొమ్మను చూసి తలుపు వెనక్కి వెళ్లిపోయింది. ఏడుపు లేదు, గోడకు ముఖం పెట్టి నిలబడింది. అమ్మతో కలిసి గట్ల వెంట ఆ పూలే తెంపేదట. ఆ ఏడు మేము రెండు బతుకమ్మలు పేర్చాము. చిన్నది వాళ్లమ్మ పేరు మీద. ఎట్లా పేర్చాలో ఆమే నాకు చెప్పింది.

మీ సొంత పిల్లలు, మీరు

మీ పిల్లలు కూడా ఈ ఇంట్లో చాలా పంచుకుంటున్నారు. వాళ్లకంటూ రోజూ ఓ పావుగంట విడిగా ఇవ్వండి. "నువ్వు పెద్దోనివి, సర్దుకో" అనే మాట తగ్గించండి.

మీరు అలసిపోతే దాచకండి. సమితి ప్రతి నెలా ఫాస్టర్ కుటుంబాన్ని చూసి బిడ్డ బాగోగులు తెలుసుకోవాలని చట్టంలో ఉంది. ఆ రోజు అంతా బాగుందని చెప్పి పంపేయకుండా, రాత్రుళ్లు నిద్ర లేదని, కోపం ఆపుకోలేకపోతున్నామని చెప్పండి. పిల్లల సంరక్షణకు ఉన్న కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద బిడ్డకు నెలకు 4,000 రూపాయల సాయం ఉంది, ఆలస్యమైతే జిల్లా యూనిట్‌లో అడగండి. మనసు బాగాలేనప్పుడు బిడ్డ కోసమైనా మీ కోసమైనా మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

బిడ్డ ఎవరైనా తనతో చెడ్డగా ప్రవర్తించారని, ఒంటి మీద చెయ్యి వేశారని చెబితే సహనంతో వినండి. గుచ్చి గుచ్చి అడగకండి, "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకండి. బిడ్డ వాడిన మాటలే రాసిపెట్టుకుని పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ పోలీసులకు గానీ తెలియజేయండి. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం 2012 ప్రకారం, సంగతి తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పి తీరాలి.

బిడ్డ సొంతింటికి వెళ్లే రోజు వస్తే

కన్నవాళ్ల పరిస్థితి కుదుటపడితే బిడ్డ వెళ్లిపోవచ్చు. తేదీ తెలియగానే చెప్పండి, చివరి రోజుదాకా దాచకండి. వెళ్లేముందు మళ్లీ పక్క తడపడం, మీతో కావాలని గొడవ పెట్టుకోవడం మొదలవుతుంది. కొట్లాడి వెళ్తే బాధ తక్కువని పిల్లలకు అనిపిస్తుంది, మీరు మాత్రం కొట్లాటలోకి దిగకండి. ఆధార్, టీకాల కార్డు, బడి టీసీ, మందుల చీటీ ఒక కవర్లో పెట్టండి. బిడ్డకు నిద్ర ఎప్పుడు పడుతుంది, కోపమొస్తే ఏం చేస్తే చల్లారుతుంది అన్నవి ఒక కాగితం మీద తెలుగులో రాసి తల్లి చేతికివ్వండి, చదవడం రాకపోతే చదివి వినిపించండి. ఫొటోలు, బట్టలు, తన డబ్బా అన్నీ సరైన సంచిలో సర్దండి, ప్లాస్టిక్ కవర్లో కాదు. ఫోన్ ఎప్పుడు చేయవచ్చో తల్లిని అడిగి రోజు, వేళ ఖాయం చేసుకోండి. మీకు గుర్తొచ్చినప్పుడల్లా కాకుండా, ఆ వేళకే చేయండి.